నేను లేకపోతే సంఘం నడవదంటున్నారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే రకం. పదవి చిన్నది, జీతం ఉండదు, ఉన్నా అంతంతమాత్రం, కానీ పదిమందిని కదిలించాల్సిన పని మాత్రం నెత్తిన పడింది, ఎలా? గోదావరి డెల్టా నుంచి వచ్చినవి కొన్ని తీసుకున్నాను. పేర్లు వేయడం లేదు. పొడుగు ఉత్తరాలు కుదించాను, తిట్లు తీసేశాను.

ప్రశ్న: మాది కోనసీమలో ఓ లంక ఊరు. ఎనిమిదేళ్లుగా డ్వాక్రా సంఘానికి మొదటి లీడర్ని. పుస్తకాలు నేనే రాయాలి, బ్యాంకుకి నేనే వెళ్లాలి, కిస్తీ కట్టనివాళ్ల గుమ్మం నేనే ఎక్కాలి. సాయంత్రం నాలుగింటికి మీటింగంటే పదిమందిలో నలుగురొస్తారు, మిగతావాళ్లు పిల్లల చేత డబ్బు పంపిస్తారు. మానేస్తానంటే "నువ్వు లేకపోతే సంఘం నడవదు వదినా" అంటారు. మానేయాలా, భరించాలా?

జవాబు: అమ్మా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి. "నువ్వు లేకపోతే నడవదు" అన్న మాట మీకు బరువుగానూ ఉంది, లోపల కాస్త తీపిగానూ ఉంది. ఎనిమిదేళ్లు ఎవరూ ఊరికే మోయరు. ఆ తీపి సంగతి మీ సభ్యులకీ తెలుసు. ఒక్క మాట పొగిడితే నెల పనంతా జరిగిపోతుందంటే ఎవరు మాత్రం పొగడరు చెప్పండి?

మానేయక్కర్లేదు, ఇలా భరించనూ అక్కర్లేదు. మీ అందరికీ నోటికొచ్చిన పంచసూత్రాలే ఒకసారి తలుచుకోండి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులిచ్చుకోవడం, వేళకి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాసుకోవడం. ఈ ఐదింట్లో ఏ ఒక్కటైనా లీడరే చేయాలని ఉందా? లేదు. మీరు చేస్తూ వచ్చారు కాబట్టి అలవాటైపోయింది, అంతే.

పుస్తకంతో మొదలుపెట్టండి. ఇంటర్ దాకా చదివిన కోడలుపిల్ల సంఘంలో ఒకతైనా ఉంటుంది, ఆమెకివ్వండి. మొదటి రెండు నెలలు పక్కన కూర్చోండి, మూడో నెల కూర్చోకండి. ఇక్కడే చాలామంది జారిపోతారు, పుస్తకం ఇచ్చేసి రాత్రికి ఇంటికి తెప్పించుకుని పేజీ పేజీ దిద్దుతారు. అలా దిద్దితే ఇవ్వనట్టే, ఆ అమ్మాయి వచ్చే నెల నుంచి మీరు దిద్దుతారులే అని ఎలాగోలా రాసేస్తుంది. దాని బదులు రాసిన లెక్కని మీటింగులో పైకి చదివించండి. తప్పుంటే డబ్బు కట్టిన మనిషే పట్టుకుంటుంది, చదువు రానివాళ్లకి కూడా తాను ఎంత కట్టిందో బాగా తెలుసు. తీసే డబ్బుకి లీడర్ల సంతకం కావాలి గానీ కిస్తీ కట్టడానికి అక్కర్లేదు కదా, బ్యాంకుకి వంతులేయండి. బాకీ ఉన్న ఇంటికి మీరొక్కరే వెళ్లడం ఈ నెలతో ఆపేయండి. అప్పు సంఘానిది, కట్టకపోతే పోయే పరువూ సంఘానిదే, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లాలి.

మరి మీటింగు సంగతి. ఆ నాలుగ్గంటల టైము ఎవరు పెట్టారు? అరటితోట పనికో కొబ్బరి పీచు పనికో వెళ్లిన మనిషి నాలుగింటికి ఇంటికి చేరుతుందా? టైము వాళ్లనే చెప్పమనండి. పిల్లల చేత పంపిన డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది కూడా వాళ్లే తేల్చాలి, మీరు కాదు. తామే పెట్టుకున్న నియమాన్ని తప్పడానికి మనిషి కొంచెమైనా సిగ్గుపడుతుంది.

ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంది కదా, ఆయన గురించి చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైతే 1848లోనే ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. గోదావరి మీద అంత పని సగంలో ఉండగా! బాధ్యత కెప్టెన్ ఆర్ అనే ఆయనకి అప్పగించి వెళ్లాడు, 1850లో తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆయన లేనప్పుడూ పని సాగింది. ఆర్ పేరు మనకి గుర్తులేదనుకోండి, అది వేరే అన్యాయం.

మీకు ఆస్ట్రేలియా అక్కర్లేదు. రెండు మూడు నెలలు ఇలా నడిచాక ఒక మీటింగు రోజున పుట్టింటికి వెళ్లండి. ఫోన్ ఎత్తకండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ఈ మధ్యే సూపర్‌వైజర్‌ని చేశారు. నా కింద పనిచేసే ఆడవాళ్లంతా మా అమ్మ వయసువాళ్లు. ఏం చెప్పినా "అలాగే బాబూ" అని వాళ్ల పద్ధతిలోనే చేస్తారు. మేనేజర్ గారు గట్టిగా ఉండమంటారు. ఏదైనా తేడా జరిగితే ఎవరూ చెప్పరు, కౌంట్ (రొయ్యల సైజు) కలిసిపోయిందనో, ట్రేలు ఐస్ లేకుండా ఉండిపోయాయనో చివర్లో బయటపడుతుంది, తిట్లు నాకు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి: వాళ్లు నీ మాట వినకపోవడం, జరిగిన తప్పు నీకు చెప్పకపోవడం. నువ్వు మొదటిదాని గురించి పేజీన్నర రాసి రెండోదాన్ని రెండు వాక్యాల్లో ముగించావు, అసలు కష్టం ఆ రెండోదే.

మొదటిది తొందరగా చెప్తాను. పదిహేనేళ్లుగా రొయ్య వలుస్తున్న చేతికి వచ్చిన కొత్త సూపర్‌వైజర్ ఎన్నోవాడో లెక్కుండదు. నువ్వు కూడా వెళ్లిపోతావనే వాళ్ల లెక్క. కాబట్టి ఒక వారం ఏమీ మార్చకు. రోజూ కాసేపు గ్లవ్స్ వేసుకుని వాళ్ల పక్కన టేబుల్ దగ్గర నిలబడి పని చెయ్యి, నీ వేగం చూసి నవ్వుతారు, నవ్వనీ. "ఈ షిఫ్టులో మీకు అన్నిటికన్నా అడ్డం పడేదేంటి?" అని అడుగు. కత్తులు మొద్దుబారాయనో, ఐస్ టైముకి రావట్లేదనో, నీళ్లు నిలిచి కాళ్లు పాడవుతున్నాయనో చెప్తారు. అందులో నీ చేతిలో ఉన్న ఒక్కటి మూడు రోజుల్లో చేసి చూపించు. ఆ తర్వాత నువ్వు చెప్పే మాటకి వచ్చే "అలాగే బాబూ"లో తేడా నీకే తెలుస్తుంది. పిన్నీ, అత్తా అని పిలవొచ్చా అని కూడా అడిగావు. పిలువు, మన దగ్గర పిలవకపోతేనే పొగరంటారు. కానీ ఒకావిడని పిన్నీ అని, ఇంకొకావిడని ఏమ్మా అని పిలిస్తే మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరిచేసరికి ప్లాంటంతా తెలిసిపోతుంది.

ఇక రెండోది. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఉన్నారు, ఆవిడ చదువుకునే రోజుల్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుని లెక్కలు చూస్తే, ఆ బృందాల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి! తరచి చూస్తే, వాళ్లు తప్పులు ఎక్కువ చేయడం లేదు, జరిగిన తప్పు భయపడకుండా చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. తర్వాత 1999లో ఆవిడ దీని మీదే ఇంకో పేరున్న అధ్యయనం ప్రచురించారు, ఈసారి ఒక కంపెనీలోని బృందాలతో.

మీ షిఫ్టులో తప్పుల కబురు నీ దాకా రావడం లేదంటే తప్పులు జరగట్లేదని అనుకోకు. పోయినసారి ఎవరైనా వచ్చి "బాబూ, ఈ ట్రే బయట ఉండిపోయింది" అన్నప్పుడు ఏమైంది? అందరి ముందూ ఎవరు అరిచారు? ఆ రోజే మిగతావాళ్లంతా నోరు మూసుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు దాన్ని మరిపించడానికి నెలలు పడుతుంది, మాటలతో మరిపించలేవు, ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు నీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యమే మరిపిస్తుంది. "మంచిపని చేశారు చెప్పి, సరుకు ఇప్పుడెక్కడుంది?" అను. ముందు సరుకు కాపాడు. ఎందుకు జరిగిందన్నది షిఫ్టు అయ్యాక. అప్పుడు కూడా "ఎవరు చేశారు" కన్నా "అప్పుడు ఐస్ ఎందుకు అందలేదు" అన్న దారిలో వెళ్తే నిజం దొరుకుతుంది.

అలాగని అన్నిటికీ నవ్వుతూ ఊరుకోమనడం లేదు. చేతులు కడగకుండా లోపలికి రావడం, గ్లవ్స్ తీసేయడం పొరపాటు కిందకి రావు. అవి ముందే చెప్పాలి, మొదటి రోజే చెప్పాలి, నువ్వూ పాటించాలి, ఎవరు తప్పినా ఒకేలా ఉండాలి, అది మేనేజర్ గారి చుట్టాలావిడైనా సరే. గట్టితనం అంటే ఆయన ఉద్దేశం అరవడమే అయితే ఆయన మాట వినకు, ఎదురు కూడా చెప్పకు. నీ షిఫ్టులో సరుకు బాగుంటే ఆయన ఇంకేమీ అడగడు.

మెచ్చుకోవడం గురించి ఒక చిన్న జాగ్రత్త. ఒకావిడని అందరి ముందూ ఆకాశానికెత్తావో, మర్నాటి నుంచి ఆవిడకి పక్కవాళ్లతో కష్టాలే. మనిషిని వదిలేసి పనిని మెచ్చుకో: "ఇవాళ ఈ టేబుల్ మీద ఒక్క ముక్కకీ పొట్టు మిగల్లేదు." చాలు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటుని. మెయింటెనెన్స్ కట్టని ఒకాయన్ని వాట్సాప్ గ్రూపులో అనరాని మాట అనేశాను. తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పాను, అయినా ఆయన మాట్లాడటం లేదు. ఏం చేయాలి? (రాజమండ్రి)

జవాబు: తిట్టింది గ్రూపులో, సారీ చెవిలో. అదే గ్రూపులో చెప్పండి, రెండు వాక్యాలు, "కానీ" అన్న మాట లేకుండా. ఆయన బాకీ ఊసు ఆ మెసేజ్‌లో ఎత్తకండి, అది వేరే రోజు, వేరే మెసేజ్. ఇక ముందు డబ్బు మాటలు గ్రూపులో వద్దు.

ప్రశ్న: మా బోదె (చేలకి నీళ్లు పారే చిన్న కాలవ) కింద అరవై ఎకరాల దాకా ఉంది. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు వంతుల వారీగా ఇస్తున్నారు. పై రైతులు అడ్డుకట్టలేసి లాగేసుకుంటారు, శివారుకి చేరేసరికి తడి కూడా ఉండదు. నేను కాస్త చదువుకున్నవాణ్ణని నన్ను పెద్దమనిషిగా ఉండమన్నారు. ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాడికి శత్రువునవుతాను. (పశ్చిమ గోదావరి రైతు)

జవాబు: అవునండీ, అవుతారు. ఈ పని ఒప్పుకుంటే ఇద్దరు ముగ్గురు కొన్నాళ్లు మీతో మాట్లాడరు. అందరికీ మంచివాడిగా ఉండాలనుకుంటే ఇప్పుడే తప్పుకోండి, తప్పులేదు.

ఉంటానంటారా, అయితే తగువు మొదలయ్యాక తీర్పు చెప్పే పని పెట్టుకోకండి. చేను పొట్ట మీద ఉండగా నీళ్లు చాలవంటే ఎవడూ న్యాయం వినడు, పార పట్టుకుని రాత్రి రెండింటికి బోదె మీదే ఉంటాడు, వాడి స్థానంలో మీరున్నా అంతే. నీళ్లు రాకముందే మాట్లాడాలి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, ఆ రోజులే మీకు అదను. అందరినీ పోగేసి బోదె పూడిక తీయించండి. తూటికాడ, గుర్రపుడెక్క పట్టిపోయిన బోదెలో పై రైతు అడ్డం వేయకపోయినా నీళ్లు కిందికి పారవు, సగం తగువులు పూడిక తగువులే. ఆ పని చేస్తున్నప్పుడే తూము దగ్గర్నుంచి శివారు దాకా పై రైతుల్లో ఇద్దర్ని వెంటపెట్టుకుని నడవండి. ఊళ్లో రోజూ కలిసి టీ తాగేవాళ్లే గానీ, చాలామంది పై రైతులు శివారు చేను గట్టు మీద నిలబడి ఎన్నాళ్లయిందో.

మాట్లాడేటప్పుడు అసలు మనుషులు వచ్చారో లేదో చూసుకోండి. డెల్టాలో భూమి ఒకరిది, సేద్యం ఒకరిది. హైదరాబాద్‌లో ఉన్న భూమిగలాయన ఫోన్లో సరేనంటే రాత్రి మడవ కట్టేది ఆయన కాదు కదా. కౌలు రైతుని కూర్చోబెట్టండి, వెనక వరసలో కాకుండా ముందు. వంతులు గంటలతో సహా కాగితం మీద రాసి అందరి చేతా సంతకాలు పెట్టించి రామాలయం దగ్గరో టీ కొట్టు దగ్గరో అంటించండి. వంతు తప్పితే ఏం చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి, ఆ శిక్ష మీ నోటితో ఆ రోజుకారోజు చెప్పేదిగా ఉండకూడదు. కాలవ నీళ్లు చూసుకునే లస్కర్‌కీ ఒక కాపీ ఇవ్వండి. 1997లో వచ్చిన చట్టంతో రైతులకే నీటి సంఘాలు పెట్టారు, మీ పరిధిలో ఉన్న సంఘం వాళ్లని కూడా ఆ రోజు పిలవండి. లేకపోతే మీరు పోటీగా ఇంకో పెద్దరికం పెట్టారనుకుంటారు.

ఒక సంగతి మీరు రాయలేదు. మీ చేను ఎక్కడుంది? పైన ఉంటే మాత్రం ఆ కాగితంలో మొదటి వంతు మీరు వదులుకుని చివరికి వెళ్లండి. శివారులో ఉంటే పెద్దమనిషిగా ఒక్కరే ఉండకండి, పై రైతుల్లో ఒకాయన్ని పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: కడియం దగ్గర మాకు నర్సరీ ఉంది. నాన్నగారికి డెబ్బై దాటాయి. అంతా నీదే అంటారు, కానీ ప్రతి ఆర్డరూ ఆయన్నే అడగాలి. నేను చెప్పిన పని పనివాళ్లు ఆయన మొహం చూసి గానీ చేయరు.

జవాబు: పైన డ్వాక్రా లీడరమ్మకి చెప్పిందంతా మీ నాన్నగారికి చెప్పాల్సింది. ఆయన ఈ పేజీ చదవరు కాబట్టి మీ వైపు నుంచి చూద్దాం.

"అంతా నీదే" అన్న మాటకి అర్థం ఏదీ మీది కాదని. కాబట్టి అంతా అడక్కండి, ఒక్కటి అడగండి. ఇంటి లోపల పెట్టుకునే మొక్కల షెడ్డో, బయటి రాష్ట్రాల లోడ్లో, ఏదో ఒకటి, ఒక ఏడాదికి, లాభం వచ్చినా నష్టం వచ్చినా మీ ఖాతాలోనే అని. ఎంత దాకా మీరే తేల్చొచ్చు, ఎంత దాటితే ఆయన్ని అడగాలి అన్న అంకె కూడా ఆ రోజే మాట్లాడుకోండి. ఆ తర్వాత రోజూ రాత్రి భోజనం దగ్గర ఆయన అడక్కముందే మీరే చెప్పేయండి: ఇవాళ ఏం పోయింది, ఎంతకి పోయింది, ఏ మొక్కలు చచ్చిపోయాయి. పెద్దవాళ్లు మాటిమాటికీ అడిగేది చాలావరకు తమకి తెలియకుండా ఏదో జరిగిపోతోందన్న భయంతోనే. చెడు కబురు ముందు చెప్పండి, ఆయనకి ఎలాగూ పనివాళ్ల ద్వారా తెలుస్తుంది.

పనివాళ్ల ముందు మాత్రం ఆయన మాట కొట్టేయకండి, ఆయన చెప్పింది తప్పని మీకు తెలిసినా సరే. సాయంత్రం దాకా ఆగండి. వాళ్లు ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతి జీతం తిన్నవాళ్లు, ఆయన్ని తగ్గించి మీరు పెరగలేరు. జీతాలు ఈ నెల నుంచి మీ చేత్తో ఇప్పించమని అడిగి చూడండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. మంచి లీడర్ అవ్వాలని ఉంది. వీడియోలు చాలా చూస్తున్నాను, ఉదయం నాలుగింటికే లేస్తున్నాను. రోజూ ఇంకా ఏం ప్రాక్టీస్ చేయాలి? మాది అంబాజీపేట వైపు.

జవాబు: నాలుగింటికి లేవడం మంచిదే బాబూ, లేచి ఎవరి కోసం ఏం చేస్తున్నావన్నది రాయలేదు. వీడియోలు కొన్నాళ్లు ఆపు. ఒక చిన్న నోటుపుస్తకం కొను. ఇవాళ ఎవరికి ఏ మాటిచ్చావో రాసుకో, "రేపు నోట్స్ పంపిస్తా", "ఐదింటికి వస్తా" లాంటివే. రాత్రి పడుకునే ముందు చూసుకుని, చేసినవాటికి టిక్కు పెట్టు, చేయలేనివాటికి ఆ మనిషికి అప్పుడే ఫోన్ చేసి చెప్పు. మొదటి వారం ఆ పుస్తకం చూస్తే నీ మీద నీకే చికాకేస్తుంది. తర్వాత మాటలివ్వడం తగ్గుతుంది, అదే కావాలి. రెండోది, నలుగురు కూర్చున్న చోట నీకు సమాధానం తెలిసినా చివర్న మాట్లాడు. చాలా కష్టం, చేసి చూడు.

ఈ రెండూ గదిలో కూర్చుని చేసేవి కావు, పదిమందితో పని ఉండాలి. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే చేరు. లేదంటే మీ పక్కనే జగ్గన్నతోట ఉంది కదా, కనుమ రోజు పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు, చేలల్లోంచి, కౌశిక నదిలోంచి దాటి వస్తాయి. అంత ప్రభని మోసేవాళ్లలో జీతగాడు ఒక్కడూ లేడు, అరిచి పని చేయించడానికి ఎవరూ ఎవరికీ బాస్ కాదు, అయినా ప్రభ ఒరగకుండా తోటకి చేరుతుంది. ఎవరు కేక వేస్తే భుజం మారుస్తున్నారో, ఎందుకు ఆ మనిషి కేకే వింటున్నారో దగ్గరుండి చూడు. మీ ఊరి కమిటీలోకి వెళ్లి పని అడిగితే ఫోటోలు, మైకు, వాట్సాప్ పోస్టర్లు ఇస్తామంటారు, వాటికి బోలెడంతమంది ఉన్నారు. తీర్థం మర్నాడు చందాల లెక్క తేల్చి గుడి గోడకి అంటించే పని అడుగు. దానికి నీకు పోటీ రారు.